విశాఖలో నేవీ రన్‌వే ఉండగా నౌక మీద యుద్ధ విమానాలు ఎందుకు?

చంపావతి_ఒడ్డు (విజయనగరం) అడుగుతున్నారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తాను. రక్షణ వ్యయం మీద మా పిల్లల చేత ఒక చర్చ పెట్టించే పనిలో ఉన్నాను. ఫ్రాన్సు నుంచి నౌకాదళం కోసం 26 రఫేల్-ఎం విమానాలు కొనడానికి 2025 ఏప్రిల్ 28న సుమారు 63,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది కదా, దానినే ఉదాహరణగా తీసుకున్నాను. అప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను సంతృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. విశాఖలో ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ విమాన స్థావరం ఉంది, ఇన్నేళ్లూ మన జిల్లాల వాళ్లం హైదరాబాదు విమానం ఎక్కుతున్నది కూడా ఆ నౌకాదళం రన్‌వే మీద నుంచే, అండమాన్‌లోనూ రన్‌వే ఉంది, గాలిలోనే ఇంధనం నింపుకునే వీలూ వచ్చింది. అలాంటప్పుడు ఊగుతున్న నౌక మీద దిగే ప్రత్యేకమైన ఫైటర్లకు ఇంత ఖర్చు దేనికి అన్నది ఆ అమ్మాయి సందేహం.

విమానవాహక నౌకలు దేశానికి గర్వకారణమన్న మాట పత్రికల్లో చాలాసార్లు చదివాను. నాకు కావలసింది అది కాదు. ఆ నౌక మీది ఫైటర్లు ఉండటం వల్ల గానీ, లేకపోవడం వల్ల గానీ యుద్ధం మలుపు తిరిగిన సందర్భాలు నిజంగా ఉన్నాయా? ఉంటే అది ఏ విధంగా జరిగింది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

టెక్కలి_మాజీ_నావికుడు (శ్రీకాకుళం జిల్లా):

మాస్టారూ, ఆ అమ్మాయి ప్రశ్న చాలా సరైనది. నేను నౌకాదళ వైమానిక విభాగంలో సాంకేతిక ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. సర్వీసులో ఎక్కువ భాగం నౌక మీద నుంచి ఎగిరే సీ హారియర్ ఫైటర్ల మరమ్మతులోనే గడిచింది కాబట్టి ఆ విమానం చేసిన యుద్ధంతోనే సమాధానం చెబుతాను.

అంతకన్నా ముందు దూరం లెక్క చూడాలి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 1,200 కిలోమీటర్లు. ఇంధనం పొదుపు చేసుకుంటూ ఎగిరే ఫైటర్‌కు అంత దూరం వెళ్లడానికి సుమారు గంటన్నర, తిరిగి రావడానికి మరో గంటన్నర పడుతుంది. కాపలా కాసే ఫైటర్ విలువ దాని వేగంలో కన్నా, కావలసిన చోట గాలిలో ఎంతసేపు నిలవగలదన్న దానిలో ఎక్కువగా ఉంటుంది. నడి సముద్రంలో ఉన్న మన నౌకలను కాపాడవలసిన విమానం తన ఇంధనంలో అధిక భాగం రాకపోకలకే ఖర్చు చేస్తే, అక్కడ అది నిలిచేది కొద్దిసేపే. దాని స్థానంలోకి మరొక జత రావాలంటే ఆ జత అప్పటికే దారిలో ఉండాలి, ఇంకొక జత ఒడ్డున సిద్ధమవుతూ ఉండాలి. ట్యాంకర్లతో ఈ సమయాన్ని పెంచవచ్చు, కాదనను. అయితే ట్యాంకర్ తనను తాను కాపాడుకోలేదు, దానికీ ఫైటర్ తోడు కావాలి.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్లాండ్ దీవులను ఆక్రమించినప్పుడు బ్రిటన్‌కు ఈ లెక్క అనుభవంలోకి వచ్చింది. వారికి అందుబాటులో ఉన్న రన్‌వే అసెన్షన్ ద్వీపంలోనిది, అక్కడి నుంచి ఫాక్లాండ్స్‌కు ఆరు వేల కిలోమీటర్లకు పైనే. మే 1న స్టాన్లీ రన్‌వే మీద బాంబులు వేయడానికి ఒక్కటంటే ఒక్క వల్కన్ బాంబర్‌ను అక్కడికి చేర్చేందుకు 11 విక్టర్ ట్యాంకర్లు వినియోగించారు. అది జారవిడిచిన 21 బాంబులలో రన్‌వేను తాకింది ఒకటే. అదే ఉదయం హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక నుంచి లేచిన సీ హారియర్లు స్టాన్లీ మీద, గూస్ గ్రీన్ మీద దాడి చేసి తిరిగి నౌక మీదికి వచ్చాయి. ఆ హెర్మిస్‌నే తరువాత మనం కొని 1987లో ఐఎన్ఎస్ విరాట్‌గా నౌకాదళంలో చేర్చుకున్నాం.

ఆ యుద్ధంలో సీ హారియర్లు గగనతల పోరులో దాదాపు 20 అర్జెంటీనా విమానాలను కూల్చాయి, ఆ పోరులో సీ హారియర్ ఒక్కటి కూడా కూలలేదు. నేల మీది నుంచి పేల్చిన తూటాలకు, క్షిపణులకు, ప్రమాదాలకు కొన్ని పోయిన మాట నిజం. వేగంలో వాటిని మించిన మిరాజ్‌లు ఎదుటి పక్షాన ఉన్నా ఇది ఎలా సాధ్యమైందని అడగవచ్చు. కొత్తరకం సైడ్‌వైండర్ క్షిపణి, పైలట్ల శిక్షణ కారణాలే; నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద కారణం దూరమే. అర్జెంటీనాకు విమానవాహక నౌక లేక కాదు. వెయింటిసింకో దె మాయో అనే నౌక ఉండేది. మే 2న వారి జనరల్ బెల్‌గ్రానో అనే క్రూయిజర్‌ను (పెద్ద యుద్ధనౌకను) బ్రిటిష్ జలాంతర్గామి ముంచివేసిన తరువాత ఆ విమానవాహక నౌకను రేవుకు తీసుకుపోయి మళ్లీ బయటకు పంపలేదు. దానితో వారి వేగమైన ఫైటర్లన్నీ ప్రధాన భూభాగం నుంచే ఎగరవలసి వచ్చింది. వారి మిరాజ్‌లకు గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటు లేదు. దీవుల దగ్గరికి చేరేసరికి కొద్ది నిమిషాలు పోరాడటానికి సరిపడా ఇంధనం మాత్రమే మిగిలేది, పోరుకు దిగి ఇంజన్‌ను పూర్తి శక్తితో వాడితే ఇల్లు చేరలేరు. ఒకే యుద్ధంలో నౌక మీద నుంచి ఎగిరినవారూ, నేల మీద నుంచి ఎగిరినవారూ ఎదురుపడ్డారు కాబట్టి మీ విద్యార్థినికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గంటస్తంభం_చరిత్ర (విజయనగరం):

టెక్కలి వారు దక్షిణ అట్లాంటిక్ దాకా తీసుకెళ్లారు. నేను మన ఒడ్డుకే వస్తాను. ఈ ప్రశ్నకు సమాధానంలో ఒక భాగం మన తాతల కాలంలో ఇక్కడే జరిగింది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం వేరే జిల్లాలు కావు, మనదంతా విశాఖపట్నం జిల్లాయే. ఈ తీరానికి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న దేశం ఇక్కడికి విమానాలను ఎలా పంపగలిగిందన్న సంగతి మన పెద్దలు చెప్పిన కథల్లో ఉండదు. అవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అడ్మిరల్ ఒజావా ఆ నౌకనూ, కొన్ని క్రూయిజర్లనూ వెంటబెట్టుకొని బంగాళాఖాతంలోకి చొరబడి, కొద్ది రోజుల వ్యవధిలో ఇరవైకి పైగా సరుకు నౌకలను ముంచాడు. ఆ బాంబుల వల్ల కట్టడాలకు కలిగిన నష్టం స్వల్పమే. భయం వల్ల కలిగిన నష్టం చాలా పెద్దది. మద్రాసు నగరం నుంచి జనం పెద్ద సంఖ్యలో ఇళ్లు విడిచి లోపలి ఊళ్లకు తరలిపోయారు, తూర్పు తీరంలో నౌకా వ్యాపారం స్తంభించిపోయింది.

అదే వారంలో అడ్మిరల్ నగుమో ఐదు పెద్ద విమానవాహక నౌకలతో సింహళం (నేటి శ్రీలంక) మీద విరుచుకుపడ్డాడు. ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ. మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన సంఘటన ఆ 9వ తేదీన జరిగింది. టెక్కలి వారు చెప్పిన హెర్మిస్ కాక, అంతకు ముందు అదే పేరుతో ఉండిన పాత హెర్మిస్ ట్రింకోమలీ నుంచి బయటపడి తీరం వెంబడి దక్షిణంగా పోతుండగా మట్టకళప్పు దగ్గర జపాను విమానాలకు చిక్కింది. అది విమానవాహక నౌకగానే రూపకల్పన చేసి కట్టిన తొలితరం నౌకల్లో ఒకటి. ఆ ఉదయం దాని మీద ఒక్క విమానం కూడా లేదు. దాని విమానాలు ఒడ్డున ఉండిపోయాయి, సహాయం కోరితే నేల మీది ఫైటర్లు సమయానికి అందలేదు. కొద్ది నిమిషాలలోనే అది మునిగిపోయింది, 300 మందికి పైగా నావికులు చనిపోయారు. ఫైటర్ల తోడు లేని విమానవాహక నౌక, సంతకు తోలుకొచ్చిన పశువులా, ఎవరు పడితే వారు కొట్టిపోవడానికి సిద్ధంగా ఉంటుంది.

రెండు నెలలు తిరగకముందే ఈ పాఠం జపానుకే ఎదురుతిరిగింది. 1942 జూన్ 4న మిడ్వే దగ్గర అమెరికా టార్పెడో విమానాలు నీటికి దగ్గరగా ఎగురుతూ ఫైటర్ల రక్షణ లేకుండా దాడికి వచ్చాయి. వాటిలో ఒక స్క్వాడ్రన్‌కు చెందిన 15 విమానాలనూ జపాను జీరో ఫైటర్లు కూల్చివేశాయి. అయితే ఆ వేటలో జీరోలన్నీ కిందికి దిగిపోయి, పైన ఆకాశం ఖాళీ అయింది. సరిగ్గా ఆ సమయంలో పై నుంచి దూకిన అమెరికా డైవ్ బాంబర్లకు అడ్డు చెప్పేవారు లేకపోయారు. కొద్ది నిమిషాల్లో మూడు జపాను నౌకలు తగలబడ్డాయి, నాలుగోది సాయంత్రానికి పోయింది. ఆ నాలుగింటిలో అకాగి, సోర్యు, హిర్యు అనే మూడూ ఏప్రిల్‌లో సింహళం మీదికి వచ్చిన నౌకలే. 'కాగా' అనే నౌక ఒక్కటే అప్పుడు రానిది. మన విశాఖ మీదికి విమానాలను పంపిన ర్యూజోను కూడా ఆగస్టులో అమెరికా నౌక సరటోగా నుంచి వచ్చిన విమానాలు ముంచేశాయి.

నౌకలు కట్టించడం కన్నా పైలట్లను తయారు చేయడం కష్టమని జపానుకు 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో తెలిసివచ్చింది. తగిన శిక్షణ లేని కొత్త పైలట్లు, పాతబడిన జీరోలు ఒక పక్క. అనుభవజ్ఞులు నడిపే హెల్‌క్యాట్ ఫైటర్లు, వారికి దారిచూపే రాడార్లు మరొక పక్క. రెండు రోజుల్లో జపాను వందల విమానాలను కోల్పోయింది. ఆ తరువాత మిగిలిన నౌకల మీద పెట్టడానికి శిక్షణ పొందిన పైలట్లు లేక, అక్టోబరులో లేతే యుద్ధంలో ఆ నౌకలను శత్రువును దారి మళ్లించే ఎరగా పంపారు. పెరల్ హార్బర్ దగ్గరా, సింహళం దగ్గరా ఉన్న జుయికాకు అలా ఎరగా వెళ్లి 1944 అక్టోబరు 25న మునిగింది.

పలాస_జీడితోట (శ్రీకాకుళం జిల్లా):

పెద్దలిద్దరూ చెప్పిన చరిత్రను కాదనను. అయినా ఆ ఉదాహరణలన్నీ 1942 నాటివి, లేదా 1982 నాటివి. మాస్టారు అడిగినది ఇప్పుడు పెట్టే 63,000 కోట్ల గురించి కాబట్టి, రెండో వైపు కూడా చెప్పవలసి ఉంటుంది.

మొదటిది, తీరం నుంచి ఎగిరే విమానాలను తక్కువ చేయకూడదు. 1941 డిసెంబరు 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ యుద్ధనౌకలను మలయా దగ్గర ముంచినవి నేల మీది స్థావరాల నుంచి వచ్చిన జపాను విమానాలే. రెండవది, చైనా దగ్గర డీఎఫ్-21డీ వంటి నౌకా విధ్వంసక బాలిస్టిక్ క్షిపణులున్నాయి. వాటి పరిధి సుమారు 1,500 కిలోమీటర్లు. వాటి ముందు ఫైటర్ చేయగలిగేది ఏమీ లేదు. శత్రు తీరానికి అంత దూరంలో నౌక ఆగిపోతే, దాని మీది విమానానికీ మళ్లీ అదే దూరం సమస్య మొదలవుతుంది.

మూడవది మన 1971 యుద్ధం. ఆనాటి మన విమానవాహక నౌక విక్రాంత్ మీది సీ హాక్ ఫైటర్ల ఘనత గురించి ప్రతి డిసెంబరులోనూ వింటాం. వాటికి గాలిలో ఎదురు నిలిచిన పాకిస్తాన్ విమానం ఒక్కటైనా ఉందా? ఢాకాలో ఉన్న పాకిస్తాన్ సేబర్ ఫైటర్ల స్క్వాడ్రన్ వాడుకునే తేజ్‌గావ్ రన్‌వేను మన వైమానిక దళం మొదటి రోజుల్లోనే పనికిరాకుండా చేసింది. అంటే సీ హాక్‌లకు ఆకాశాన్ని ఖాళీ చేసి ఇచ్చినది నేల మీద నుంచి ఎగిరిన విమానాలే.

చివరిగా, ఇలాంటి విమానాలను నిలబెట్టుకోవడం కూడా అంత తేలిక కాదు. మన నౌకల మీద ఇప్పటికే ఉన్న మిగ్-29కె విమానాల ఇంజన్లలో లోపాలను, అవి ఎగరడానికి సిద్ధంగా ఉండే శాతం బాగా తక్కువగా ఉండటాన్ని 2016 నాటి కాగ్ నివేదిక తప్పుపట్టింది. అమెరికా వారి సంగతీ చూడండి. ఎర్ర సముద్రంలో 2024 డిసెంబరులో తమ క్రూయిజరే తమ ఎఫ్/ఏ-18 ఫైటర్‌ను కూల్చింది, ఆ తరువాత ట్రూమన్ నౌక మీద నుంచి ఒక విమానం లాగుతుండగా సముద్రంలో పడిపోయింది. అది పడినది 2025 ఏప్రిల్ 28, అంటే మనం రఫేల్-ఎం ఒప్పందం మీద సంతకాలు చేసిన రోజే. యుద్ధమంటే ప్రమాదాలు మామూలేనని ఎవరైనా అనవచ్చు, కానీ ఖర్చు లెక్కలో వాటిని కూడా కలపాలి కదా.

చంపావతి_ఒడ్డు (విజయనగరం):

చాలా ఉపయోగకరమైన విషయాలు తెలిశాయి. పలాస వారు లేవనెత్తిన 1971 సంగతికి, క్షిపణుల సంగతికి టెక్కలి వారు సమాధానం చెబితే బాగుంటుంది. మా పిల్లలు రెండు పక్షాలుగా విడిపోతారు కాబట్టి, మీరు ఒప్పుకునే అంశాలు కూడా దాచకుండా చెప్పండి.

టెక్కలి_మాజీ_నావికుడు (శ్రీకాకుళం జిల్లా):

పలాస బాబు చెప్పిన వాటిలో సగానికి నేను ఒప్పుకుంటాను.

1971లో సీ హాక్‌లు గగనతల పోరు చేయలేదు, నిజమే. డిసెంబరు 4 నుంచి అవి కాక్స్ బజార్, చిట్టగాంగ్ వంటి చోట్ల విమానాశ్రయాల మీద, రేవుల మీద, నౌకల మీద దాడులు చేశాయి. విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చి, నౌక పూర్తి వేగంతో పోలేని స్థితిలో ఆ పని జరిగింది. డెక్ మీద విమానం లేవాలంటే నౌక గాలికి ఎదురుగా తిరిగి వేగంగా పోవాలి, అప్పుడే రెక్కలకు కావలసినంత గాలి తగులుతుంది. నౌక వేగం తగ్గితే అంత మేరకు విమానం మోయగల బరువు తగ్గుతుంది. ఆ నౌకను పశ్చిమాన కాకుండా తూర్పున వాడటానికి అది కూడా ఒక కారణం. తూర్పు పాకిస్తాన్‌లోని సైన్యానికి సముద్రం మీదుగా సహాయం రాకుండా, వారు సముద్రం మీదుగా తప్పించుకోకుండా దారి మూసినది మాత్రం ఆ విమానాలూ, వాటి వెంట ఉన్న నౌకలూ. 93,000 మంది లొంగిపోవడంలో పెద్ద ఘనత మన సైన్యానిదే, ఇందులో వాదన లేదు. శత్రువు మాత్రం విక్రాంత్‌కు ఎంత విలువ కట్టాడో చెప్పడానికి ఘాజీ చాలు. తన దగ్గర అంత దూరం రాగల ఏకైక జలాంతర్గామిని పాకిస్తాన్ ప్రధానంగా ఆ ఒక్క నౌకను వెదకడానికే బంగాళాఖాతానికి పంపింది. విక్రాంత్ అప్పటికి అండమాన్‌లో ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ విశాఖ దగ్గర విక్రాంత్ పేరుతో సంకేతాలు పంపి నమ్మించింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల కథనాలూ వేరు.

ప్రిన్స్ ఆఫ్ వేల్స్ విషయంలో మాత్రం ఆ ఉదాహరణ నా వైపే వస్తుంది. ఆ రెండు నౌకలకూ పైన ఒక్క ఫైటర్ కూడా కాపలా లేదు. వాటికి తోడు రావలసిన ఇండామిటబుల్ అనే విమానవాహక నౌక నేల తాకి దెబ్బతిని, ఆ దండుతో కలవలేకపోయింది. అది వచ్చి ఉంటే ఫలితం ఎలా ఉండేదన్నది ఊహే. ఎదురు లేకుండా టార్పెడోలు వేసుకునే వెసులుబాటు మాత్రం జపాను వారికి దక్కేది కాదు.

క్షిపణుల సంగతి. 30 నాట్ల (గంటకు సుమారు 56 కిలోమీటర్ల) వేగంతో పోయే నౌక అరగంటలో దాదాపు 28 కిలోమీటర్లు కదులుతుంది. క్షిపణి పేల్చేవాడికి అది ఎక్కడుందో పేల్చినప్పుడూ, ఆ తరువాతా తెలుస్తూ ఉండాలి. ఆ సమాచారం తెచ్చే గస్తీ విమానాన్నీ, డ్రోన్‌నూ దూరంగా ఉండగానే తరిమేసే పని ఫైటర్‌దే. ఉపగ్రహాన్ని అది ఆపలేదు, జలాంతర్గామినీ ఆపలేదు. జలాంతర్గామి సంగతి హెలికాప్టర్లు, తోడు నౌకలు చూసుకోవాలి. ఎర్ర సముద్రంలో అమెరికా విమానవాహక నౌక ఐసెన్‌హోవర్ నెలల తరబడి నిలిచినప్పుడు దాని సూపర్ హార్నెట్ ఫైటర్లు యెమెన్‌లోని హౌతీల డ్రోన్లను గాలిలోనే కూల్చాయి. అక్కడ జరిగిన ప్రమాదాలను మీరు చెప్పారు, ఈ సంగతిని కూడా వాటి పక్కన రాయాలి.

నా దృష్టిలో మన అసలు లోపం వేరే ఉంది, దానిని ఎవరూ ప్రస్తావించలేదు. ఫాక్లాండ్స్‌లో సీ హారియర్లు ఎంత బాగా పోరాడినా మే 4న షెఫీల్డ్ అనే నౌకను ఎక్సోసెట్ క్షిపణి కాల్చివేసింది, మే 25న అట్లాంటిక్ కన్వేయర్‌కూ అదే గతి పట్టింది. నీటికి ఆనుకొని వచ్చే విమానాలను దూరం నుంచి చూడగల ఎగిరే రాడార్ ఆనాడు బ్రిటిష్ నౌకల దగ్గర లేదు. నౌక మీది రాడార్‌కు భూమి వంపు అడ్డం వస్తుంది. ఫైటర్‌కు ఎటు పోవాలో చెప్పేవాడు లేకపోతే అది మంచి విమానమైనా ఆలస్యంగానే చేరుతుంది. ఇప్పటి మన విమానవాహక నౌకలు విక్రాంత్ (1971 నాటిది కాదు, అదే పేరుతో కట్టిన కొత్తది), విక్రమాదిత్య రెండింటి మీదా విమానాన్ని ముందుకు విసిరే కాటపుల్ట్ యంత్రం లేదు, ముందువైపు పైకి వంగిన స్కీ జంప్ మీద నుంచి విమానం తన ఇంజన్ బలంతోనే లేవాలి. అందువల్ల అమెరికా, ఫ్రాన్సు వారి హాకై వంటి బరువైన రాడార్ విమానాలను మన నౌకల నుంచి ఎగరేయలేం, కామోవ్-31 హెలికాప్టర్లతో సరిపెట్టుకుంటున్నాం. ఫైటర్ కూడా నిండా ఇంధనం, నిండా ఆయుధాలు ఒకేసారి మోసుకొని లేవలేదు. రఫేల్-ఎం వచ్చినా ఈ పరిమితి పూర్తిగా పోదు. మీ పిల్లల్లో వ్యతిరేక పక్షం వాదించేవారికి చైనా క్షిపణి కన్నా ఇది గట్టి ఆధారం.

పలాస_జీడితోట (శ్రీకాకుళం జిల్లా):

ఎగిరే రాడార్ సంగతి నాకు తట్టలేదు, ధన్యవాదాలు. నౌక కన్నా నౌక మీది విమానాల కూర్పే ముఖ్యమన్న దానితో నాకు పేచీ లేదు. అయితే ఆ 26లో నౌక మీదికి నిజంగా వెళ్లేవి ఎన్ని?

టెక్కలి_మాజీ_నావికుడు (శ్రీకాకుళం జిల్లా):

22. మిగిలిన నాలుగూ ఇద్దరు కూర్చునే శిక్షణ విమానాలు, అవి నౌక మీద నుంచి ఎగరడానికి ఉద్దేశించినవి కావు. ఆ 22లో కూడా కొన్ని ఎప్పుడూ మరమ్మతులో ఉంటాయి, కొన్ని ఒడ్డున పైలట్ల అభ్యాసానికి కావాలి. ఎందుకంటే డెక్ మీద దిగడం మరచిపోకూడని విద్య. తోక కొక్కెం డెక్ మీది తీగను అందుకుంటుందో లేదో ముందుగా తెలియదు కాబట్టి, చక్రాలు తాకగానే పైలట్ ఇంజన్‌ను పూర్తి శక్తికి పెంచుతాడు; తీగ తప్పితే మళ్లీ గాలిలోకి లేవాలి. ఆ సాధన ఆగితే పైలట్‌కు నౌక మీద దిగే అర్హత పోతుంది. అందుచేత ఒక నౌకకు ఒక నిండు దండు కూర్చడానికి ఈ సంఖ్య బొటాబొటిగా సరిపోతుంది. రెండో నౌకకు మిగ్-29కె విమానాలే దిక్కు.

మాస్టారూ, మీరు అర్థశాస్త్రం వారు కాబట్టి ఒక మాట. పిల్లలు 63,000 కోట్లను 26తో భాగించి ఒక్కో విమానం ధర ఇంత అని బోర్డు మీద రాస్తారేమో, అలా రాయనివ్వకండి. ఆ మొత్తంలో ఆయుధాలు, సిమ్యులేటర్, సిబ్బంది శిక్షణ, కొన్నేళ్ల పాటు విమానాలు సిద్ధంగా ఉండేలా చూసే నిర్వహణ ఒప్పందం, వైమానిక దళం దగ్గర ఇప్పటికే ఉన్న రఫేల్‌లకు కావలసిన కొంత అదనపు సామగ్రి కూడా కలిసి ఉన్నాయి. మిగ్-29కె విషయంలో కాగ్ వేలెత్తి చూపిన వాటిలో విమానాలు ఎగిరే స్థితిలో లేకపోవడం కూడా ఒకటి. కాబట్టి విమానాల ధరను, వాటిని ఎగిరే స్థితిలో ఉంచే ఖర్చును రెండు వరుసలుగా విడదీసి చర్చ పెట్టించండి.